ఆకు వేరు, నూనె వేరు

"ఆకుల నూనే కదప్పా, ఏం గాదు."

మా మాధవరంలో ఈ మాట వినపడని ఇల్లు లేదు. పసిబిడ్డకు జలుబు చేస్తే ముక్కు కింద నీలగిరి తైలం రాస్తూ అంటారు. ఉయ్యాల తాడుకు కర్పూరం మూట కడుతూ అంటారు. పంటినొప్పికి లవంగ నూనె దూది పెడుతూ అంటారు. ఆదోని పోయి, కరెంటుతో సువాసన ఆవిరి చిమ్మే చిన్న యంత్రం కొనుక్కొచ్చిన పిల్లలు అందులో లావెండరు నూనె పోసి, తలుపులన్నీ బిగించి పడుకుంటూ అంటారు. చదువుకున్నవాళ్లు ఇదే మాటను కాస్త నున్నగా చెక్కి "సహజమైనది, సైడ్ ఎఫెక్టులు ఉండవు" అంటారు. మాట ఎలా తిరిగినా అడుగున ఉన్న నమ్మకం ఒక్కటే: చెట్టు నుంచి వచ్చింది మనిషికి చెరుపు చేయదు.

ఈ నమ్మకం తప్పు. పసిపిల్లలున్న ఇంట్లో అది ప్రాణం మీదికి తెచ్చే తప్పు. ఈ మాట నాకు పుస్తకం చదివితే తెలియలేదు. మా ఇంట్లోనే తెలిసింది.

కొన్నేళ్ల కిందట ఎమ్మిగనూరు బస్టాండులో ఒక సీసా నీలగిరి తైలం కొన్నాను. ఊటీ సరుకని చెప్పి అమ్మాడు అమ్మినాయన. ఇంటికి తెచ్చి, మట్టి మిద్దె గోడలో దీపం, అగ్గిపెట్టె, సాంబ్రాణి ఉండే గూట్లో పెట్టాను. గూడు నా రొమ్ము ఎత్తున ఉంది, పిల్లలకు అందదనుకున్నాను. గూటి కింద జొన్నల మూట ఉన్న సంగతి నాకు తట్టలేదు. పండక్కి వచ్చిన అక్క మనవడు, మూడేళ్లు నిండని పిల్లవాడు, ఆ మూట ఎక్కాడు. మేం చూసేసరికి సీసా చేతిలో ఉంది, మూత కింద ఉంది, నోరంతా నీలగిరి వాసన. ఎంత మింగాడో ఎవరికీ తెలియదు.

"ఆకుల నూనేలే, ఏం గాదు" అన్నారు ఒకరు. అక్క ఉప్పునీళ్లు కలుపుతోంది. పక్కింటి పెద్దాయన గొంతులో వేలు పెట్టి కక్కించమన్నాడు. అవేవీ చేసేలోపే, పావుగంటలో, బిడ్డ తూలడం మొదలుపెట్టాడు, కళ్లు వాలిపోయాయి, పిలిస్తే పలకలేదు. దగ్గితే ఊపిరిలోంచి కూడా అదే వాసన. ఎమ్మిగనూరులో పిల్లల డాక్టరు దగ్గరికి చేరేదాకా మా అక్క ఒడిలో ఆ తల అటూ ఇటూ వేలాడిన తీరు నేను మరిచిపోలేను. డాక్టరు మొదట అడిగిన ప్రశ్న, "కక్కించారా?" లేదన్నాం. "బతికించుకున్నారు" అన్నాడు. రాత్రంతా కనిపెట్టుకుని చూశారు. మరునాడు బిడ్డ లేచి అన్నం అడిగాడు.

ఆ సీసా కొన్నది నేను. గూట్లో పెట్టింది నేను. ఏం కాదనే మాట నా నోట కూడా వందసార్లు వచ్చింది. అందుకే దాన్ని ముక్కముక్కగా విప్పి చూపించే బాధ్యత నా మీద ఉందనుకుంటున్నాను.

మొదటి ముక్క: ప్రకృతి ఇచ్చింది హాని చేయదు.

ఈ మాట అనడానికి మన పల్లెవాళ్లకు అసలు వీల్లేదు. ఎందుకంటే ప్రకృతిలోని విషం గురించి మనకు తెలిసినంత పట్నంవాళ్లకు తెలియదు. గన్నేరు పప్పు ఏం చేస్తుందో మనకు ఒకరు చెప్పాలా? ఉమ్మెత్త కాయ తిన్న మేక, నేపాళం గింజ నమిలిన పిల్లవాడు ఏమవుతారో తెలియని ముసలమ్మ మన ఊళ్లలో ఉందా? అన్నిటికంటే ఆముదాన్ని చూడండి. మన మెట్ట చేలల్లో పండేదే, ఆదోని మార్కెట్ యార్డుకు మనం బస్తాల్లో తోలేదే. ఆ గింజలో రైసిన్ అనే విషం ఉంది. కొన్ని గింజలు నమిలి మింగితే మనిషి పోవచ్చు. అదే గింజ నుంచి తీసిన ఆముదాన్ని తరతరాలుగా బాలింతలకూ బిడ్డలకూ వాడాం. రైసిన్ నూనెలో కలవదు, పిప్పిలోనే ఉండిపోతుంది. అందుకే ఆముదం పిండిని చేనుకు ఎరువుగా వేస్తాం గాని గొడ్డు ముందు పెట్టం. మొక్క ఒకటే. ఏ భాగం తీశాం, ఎలా తీశాం, ఎంత వాడాం అన్నదాన్ని బట్టి ఒకచోట మందయింది, ఒకచోట విషమయింది. ఇంత తెలిసిన మనం నీలగిరి సీసా దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివినంతా ఎందుకు గట్టున పెడుతున్నాం?

పత్తికి కొట్టే పురుగుమందు డబ్బాను మనం ఇంట్లోకి రానివ్వం. కొట్టంలో పైన చెక్కుతాం, పిల్లల్ని అటు పోనివ్వం, కొట్టి వచ్చినాక చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టం. ఆ డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంటుంది. నీలగిరి సీసా మీద ఆకు బొమ్మ ఉంటుంది. మన జాగ్రత్త అంతా బొమ్మను చూసి పుడుతోంది. సీసాలో ఏముందో చూసి పుట్టడం లేదు.

రెండో ముక్క: ఆకు ఎంతో నూనె అంతే.

అసలు పొరపాటు ఇక్కడే ఉంది. నిమ్మగడ్డి వేసి టీ కాచుకోవడం వేరు, నిమ్మగడ్డి నూనె వేరు. పెద్ద పాత్రలో గడ్డి నింపి, ఆవిరి పట్టించి, ఆ ఆవిరిని చల్లబరిచి నూనె దించుతారు. వంద కిలోల పచ్చి గడ్డికి దిగే నూనె అర కిలో, మహా అయితే ఇంకాస్త. గులాబీ నూనె కిలో కావాలంటే మూడు నాలుగు టన్నుల పూలు కావాలి. అంటే మీ చేతిలోని చిన్న సీసాలో ఒక మోపు ఆకు కూర్చుని ఉంది. మోపెడు ఆకును ఏ బిడ్డా నమలలేడు. రెండు పిడికిళ్లు నమిలేలోపే నోరు మండి ఉమ్మేస్తాడు, అదే వాడికి రక్ష. సీసాను మాత్రం ఒక్క గుటకలో మింగేస్తాడు. చెట్టు తన ఘాటును వేల ఆకుల మీదికి పంచి మనల్ని కాపాడింది. ఆ ఘాటునంతా మనం ఒక్కచోట పోగు చేశాం. పోగు చేశాక కూడా చెట్టు పేరే చెప్పి ధైర్యంగా ఉంటే ఎలా?

లెక్కలు చూడండి. ఒక టీ చెంచా అంటే ఐదు మిల్లీలీటర్లు. అంత నీలగిరి నూనె చిన్నపిల్లల్ని స్పృహ తప్పించి, ఫిట్స్ తెప్పించి, ప్రాణం తీయగలదు. కర్పూరం ఒక గ్రాము కడుపులోకి పోయి చనిపోయిన పసిబిడ్డలున్నారు; గ్రామంటే కొన్ని హారతి బిళ్లలే. నొప్పులకు రాసుకునే వింటర్‌గ్రీన్ నూనెలో ఉండేది మిథైల్ సాలిసిలేట్. దాన్ని శుద్ధ రూపంలో ఒక చెంచా మింగితే ఇరవైకి పైగా ఆస్పిరిన్ మాత్రలు మింగినంత. లవంగ నూనె ఒకటి రెండు చెంచాలు తాగిన పిల్లల కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయి ఉన్నాయి. ఇవేవీ అడవిలో దొరికే వింత మూలికలు కావు. మన గూట్లో, పూజ అరలో, మంచం కింద ఉండే సీసాలు.

మూడో ముక్క: మా అవ్వలు వాడలేదా?

ఈ మాటకు నేను తలవంచుతాను, ఎందుకంటే మా అవ్వ నాకు వైద్యం చేసింది. అయితే ఏం చేసిందో సరిగ్గా గుర్తు తెచ్చుకుందాం. వామును వేయించి గుడ్డలో కట్టి వాసన చూపించింది. తులసాకు నలిపి రసం తీసి తేనెతో నాకించింది. కొబ్బరినూనె గోరువెచ్చ చేసి అందులో చిటికెడు కర్పూరం వేసి, కరిగినాక అరిచేతికి రాసుకుని, ఆ చేత్తో రొమ్ము రుద్దింది. ఒక్కసారి తలచుకోండి: చిటికెడు కర్పూరం, గిన్నెడు నూనె. ఆమె ఏ కాలేజీకీ పోలేదు గాని ఘాటైనదాన్ని పలచన చేయకుండా బిడ్డ ఒంటికి తాకించకూడదని ఆమెకు తెలుసు. మనం ఆమె పేరు చెప్పుకుని ఆమె చేయని పని చేస్తున్నాం. ఆమె ఆకు వాడింది, మనం సారం వాడుతున్నాం. ఆమె కొలిచి వేసింది, మనం సీసా వంచుతున్నాం.

ఇంకో నిజం కూడా చెప్పాలి. మనం అవ్వల నాటివి అనుకునేవాటిలో కొన్నిటికి అంత వయసు లేదు. నీలగిరి తైలం ఇచ్చే జామాయిల్ చెట్టు మనది కాదు, ఆస్ట్రేలియాది. 1843 ప్రాంతంలో తెల్లవాళ్లు నీలగిరి కొండల్లో నాటారు. కొండ పేరే తైలానికి పేరయింది. ఈనాడు హారతికి కొనే కర్పూరంలో అత్యధిక భాగం కర్పూర చెట్టు నుంచి రాదు, టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీల్లో చేస్తారు. ప్రసాదాల్లో వేసే పచ్చకర్పూరం వేరు, ఇది వేరు. చాలామంది రెండూ ఒకటేనని పాయసంలో హారతి బిళ్ల వేయడానికి కూడా వెనుకాడరు. ఇక అరోమాథెరపీ అన్న మాట ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్త రెనె మారిస్ గాట్‌ఫోసె పెట్టింది. 1910లో ప్రయోగశాలలో ఒళ్లు కాలినప్పుడు ఆయన పుళ్లకు లావెండరు సారం వాడుకున్నాడు. ఆ అనుభవం వెంట నడిచి 1937లో ఆ పేరుతోనే పుస్తకం వేశాడు. దీన్ని వేదకాలం నాటి విద్యగా చెప్పి నూనెలమ్మేవాళ్ల మాట నమ్మకండి. పాతది కావడం మంచితనానికి రుజువు కాదు. ఇది అంత పాతది కూడా కాదు.

నాలుగో ముక్క: తాగితే తప్పు గాని, రాసుకుంటే, వాసన చూస్తే ఏమవుతుంది?

అవుతుంది. ఈ నూనెల గుణమే చర్మంలోకి, ముక్కు లోపలి పొరల్లోకి ఇంకిపోవడం. ఇంకకపోతే అవి పనే చేయవు. పనిచేస్తుందని నమ్మి రాసేవాడు, ఒంట్లోకి పోదని అదే నోటితో ఎలా అంటాడు? ఆస్ట్రేలియాలో దద్దుర్లకు ఇంటివైద్యంగా నీలగిరి నూనె గుడ్డలు చుట్టిన ఆరేళ్ల పాప మాట తడబడి, కాళ్లు తేలిపోయి, స్పృహ తప్పిన సంగతి 1998లో అక్కడి చర్మవైద్య పత్రికలో అచ్చయింది. ఆ పాప ఒక్క చుక్క తాగలేదు. గుడ్డలు తీసేశాక కోలుకుంది.

అంత దూరం ఎందుకు, మన పక్కనే ఉన్న బెంగళూరు చూడండి. సెయింట్ జాన్స్ వైద్య కళాశాల నాడీవైద్యుడు థామస్ మాథ్యూ, దక్షిణాదిలోని మరికొన్ని ఆసుపత్రుల వైద్యులు కలిసి నాలుగేళ్లపాటు ఒక పని చేశారు. ఫిట్స్ వచ్చిన పెద్దవాళ్లను, అంతకుముందు ఏ నూనె, ఏ బామ్ వాడారని అడిగారు. మామూలుగా డాక్టర్లు అడగని ప్రశ్న అది. నీలగిరి, కర్పూరం కలిసిన సరుకు వాడాక ఫిట్స్ వచ్చినవాళ్లు 55 మంది తేలారు. వాళ్లలో 33 మందికి అంతకుముందే మూర్ఛ జబ్బు ఉంది. మిగిలిన 22 మందికి జీవితంలో అదే మొదటిసారి. కొందరు మింగారు, కొందరు పీల్చారు, కొందరు ఒంటికి రాసుకున్నారు. 2021లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ డాక్టర్లు అడగకపోతే ఆ 22 మంది ఏళ్ల తరబడి మూర్ఛ మాత్రలు మింగుతూ ఉండేవాళ్లేమో. మన ఊళ్లలో ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెడతాం, ఉల్లిపాయ వాసన చూపిస్తాం, గాలి సోకిందంటాం. తలగడ పక్కన ఏ సీసా ఉందో ఎవరూ చూడరు.

పసిబిడ్డ సంగతి మరీ సున్నితం. రెండేళ్లలోపు బిడ్డ ముక్కు దగ్గర పిప్పర్మెంటు, కర్పూరం, నీలగిరి ఘాటు తగిలితే గొంతు బిగుసుకుని ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. మనం జలుబుకు రాసే డబ్బాల మీద రెండేళ్లలోపు పిల్లలకు వాడొద్దని అచ్చు వేసి ఉంటుంది. చిన్న అక్షరాల్లో ఉన్నా ఉంటుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 1980ల తొలినాళ్లలోనే ఒంటికి రాసే మందుల్లో కర్పూరం 11 శాతం మించకూడదని కట్టడి చేసింది. కర్పూర తైలం పేరుతో అమ్మే సీసాలను అంగళ్ల నుంచి తీయించింది. ఉయ్యాలకు కట్టే మూటలో ఉండేది నూటికి నూరుపాళ్లు కర్పూరం. ఇంకా భయంకరమైన సంగతి, కర్పూరం అనుకుని కలరా ఉండలు కట్టేవాళ్లున్నారు, బిడ్డ బట్టల పెట్టెలో వేసేవాళ్లున్నారు. అది నాఫ్తలీన్. పుట్టుకతో రక్తంలో ఒక ఎంజైము తక్కువగా ఉండే పిల్లలకు ఆ బట్టలు తొడిగితే రక్తకణాలు పగిలి పచ్చకామెర్లు వస్తాయి. ఆ లోటు ఏ బిడ్డకుందో ముఖం చూసి చెప్పలేం.

"పీల్చగానే ముక్కు తెరుచుకుంటుంది కదా" అంటారు. తెరుచుకోదు. ముక్కు లోపల చల్లదనాన్ని పసిగట్టే నరాలను ఈ ఘాటు తట్టి లేపుతుంది. గాలి ఎక్కువగా పోతున్నట్టు మనకు తోస్తుంది, అంతే. వాపు వాపుగానే ఉంటుంది. పెద్దవాళ్లకు అలా తోచడమే ఒక ఊరట, దాన్ని నేను కాదనను. కానీ 2021 కరోనా వేసవిలో ఏం జరిగింది? కర్పూరం, వాము, నీలగిరి చుక్కలు కలిపి మూట కట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని ఫోన్లలో తిరిగింది. మన ఊళ్లలో ఇంటింటా ఆ మూటలు కట్టారు. రక్తంలో ఆక్సిజన్ దానివల్ల పెరగదు. ఊపిరి ఆడినట్టు తోచడం ఊపిరి ఆడడం కాదు. ఆ రోజుల్లో ప్రతి గంటా విలువైనదే. ఊరట దొరికిందని ఆసుపత్రికి పోవడం ఒక పూట వాయిదా వేసుకున్న ఇంటికి ఆ మూట ఎంత ఖరీదు పడిందో ఎవరు లెక్క కట్టగలరు?

ఐదో ముక్క: అది బస్టాండు సరుకు సంగతి. మేం కొనేది మంచి కంపెనీది, ఖరీదైనది.

2021లోనే అమెరికాలో నాలుగు వేర్వేరు రాష్ట్రాల్లో నలుగురికి మెలియాయిడోసిస్ అనే అరుదైన జబ్బు సోకింది. ఇద్దరు చనిపోయారు, ఆ ఇద్దరిలో ఒక బిడ్డ ఉంది. ఆ నలుగురూ ఒకరికొకరు తెలియదు, జబ్బు ఉండే దేశాలకు పోలేదు. నెలల తరబడి వెతికితే చివరికి ఒక ఇంట్లో గదిలో చల్లుకునే లావెండరు సువాసన సీసాలో ఆ క్రిమి దొరికింది. ఆ స్ప్రే మన దేశంలో తయారై, అక్కడి పెద్ద అంగళ్లలో అమ్ముడైంది. దాదాపు 3,900 సీసాలను వెనక్కి పిలిపించారు. మంచి అంగడి, అందమైన సీసా, సహజమైన పూల పేరు, ఏదీ ఆ బిడ్డకు అడ్డుపడలేదు. కనిపెట్టే వ్యవస్థ ఉన్న దేశం కాబట్టి కనిపెట్టారు. మన పల్లెలో అలాంటి జ్వరం వస్తే దానికి పేరు కూడా పెట్టం.

జామాయిల్ పుట్టిన ఆస్ట్రేలియాలో దాని నూనెను విషాల పట్టికలో చేర్చారు. చిన్న సీసాలకు ఆ పట్టిక నుంచి మినహాయింపు కావాలంటే నూనెను ధారగా పడనివ్వని మూత ఉండాలి, హెచ్చరిక ఉండాలి. ఆ చెట్టును మనకంటే ఎక్కువ ఎరిగినవాళ్లు చేసిన పని ఇది. మన బస్టాండులో అదే నూనె నొక్కితే ఊడే మూతతో, ఒక్క హెచ్చరిక మాట లేకుండా చేతులు మారుతోంది. పల్లె బిడ్డ ప్రాణానికి ఆ మూతపాటి విలువ లేదా అని నేను అడుగుతున్నాను.

ఇప్పుడు నా ఎదుటివాళ్ల వాదనల్లో అన్నిటికంటే బలమైనది. "మాకు దగ్గర్లో డాక్టరు లేడు. కర్నూలు పెద్దాసుపత్రి దాదాపు రెండు గంటల దారి. రాత్రి బిడ్డకు ముక్కు మూసుకుపోతే మేం ఏం చేయాలి? పేదవాడి చేతిలో ఉన్న ఒక్క మందును కూడా లాక్కుంటారా?"

ఈ మాటలో న్యాయం ఉంది. లాక్కోమని నేను చెప్పడం లేదు. సువాసన మనిషికి హాయి. తలనొప్పికి బామ్ రాసుకుంటే దొరికే ఊరట అబద్ధం కాదు. మన తెలుగువాడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టాడు. ఆ డబ్బుతోనే ఆంధ్రపత్రిక నడిపాడు, దేశోద్ధారకుడనిపించుకున్నాడు. ఆ పసుపుపచ్చ డబ్బాలో ఉండేది ఘాటైన నూనెలే. కానీ మైనంలాంటి లేపనంలో కలిపి, పాళ్లు కట్టి, నుదుటికి చిటికెడు రాసుకునేలా చేశారు. మందును మందుగా నిలబెట్టేది ఆ పాళ్లే. నా వాదన కూడా అంతే. నేను అడుగుతున్నది నూనె మానమని కాదు, దాన్ని మందుగా గుర్తించమని. డాక్టరు దూరంగా ఉన్న ఇంటికే ఈ జాగ్రత్త ఎక్కువ కావాలి. పట్నంలో తప్పు జరిగితే పది నిమిషాల్లో ఆసుపత్రి. మనకు తప్పు చేసే తీరిక లేదు. పైగా బిడ్డ ముక్కు మూసుకుపోతే చేయగలిగిన మంచి పని డబ్బులేని పనే: మందుల అంగట్లో దొరికే ఉప్పునీటి చుక్కలు ముక్కులో వేయడం, తల్లిపాలు మాటిమాటికీ పట్టడం, ఎత్తుకుని నిటారుగా పట్టుకోవడం. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తే, పాలు తాగకపోతే, ఏ తైలం కోసమూ చూడకుండా 108కి ఫోన్ చేయడం.

"లక్షలమంది వాడుతున్నారు, ఏమీ కాలేదు" అని కూడా అంటారు. కరెంటు తీగ తెగిపడిన దారిలో నిన్న వందమంది నడిచారు, ఏమీ కాలేదు. ఆ మాట చెప్పి బిడ్డను ఆ దారిన పంపుతామా? ఏమీ కాని ఇళ్లను లెక్కపెట్టడం సులభం. అయిన ఇంట్లో ఒక్క సీసా చాలు.

కాబట్టి వాడేవాళ్లు ఇలా వాడాలి. ఏ నూనెనూ నేరుగా ఒంటికి రాయొద్దు. ఒక టీ చెంచా కొబ్బరినూనెకు ఒక్క చుక్క కలిపితే అది సుమారు ఒక శాతం. పెద్దవాళ్లకు రెండు మూడు చుక్కలు, రెండేళ్లు దాటిన పిల్లలకు డాక్టరు వద్దనకపోతే ఒక్క చుక్క లేదా అంతకంటే తక్కువ, రెండేళ్లలోపు వాళ్లకు అసలు వద్దు. ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు చూడాలి. నోట్లోకి ఏదీ పోయొద్దు. నిమ్మ తొక్క నూనె రాసుకుని మన ఆదోని ఎండలోకి పోతే చర్మం కాలిన మచ్చలు పడతాయి. మూర్ఛ ఉన్నవాళ్లు నీలగిరి, కర్పూరం జోలికి పోవద్దు. ఉబ్బసం ఉన్నవాళ్లకు, కడుపుతో ఉన్నవాళ్లకు డాక్టరును అడగకుండా ఇవ్వొద్దు. సువాసన యంత్రం పెట్టుకుంటే అరగంట చాలు, కిటికీ తెరిచి ఉండాలి, పసిబిడ్డ పడుకున్న గది కాకూడదు. పిల్లికి ఈ నూనెలను జీర్ణించుకునే శక్తి చాలా తక్కువ, అది కూడా గుర్తుండాలి. స్నానమయ్యాక బిడ్డ మీదికి సాంబ్రాణి పొగ పట్టడం మన ముచ్చట. వాసన ఎంత మంచిదైనా ఆ లేత ఊపిరితిత్తులకు పొగ పొగే. కావాలంటే పక్క గదిలో వేయండి. ఈ నూనెలన్నీ మండేవే, పొయ్యి దగ్గరా దీపం దగ్గరా ఉండకూడదు. నలభై డిగ్రీలు దాటే మన వేసవిలో రేకుల కింద పెట్టిన సీసా చెడిపోతుంది, చెడిన నూనె దద్దుర్లు తెస్తుంది.

తప్పు జరిగితే ఇవి గుర్తుపెట్టుకోండి. మింగిన బిడ్డను కక్కించకండి. ఉప్పునీళ్లు, చింతపండు పులుసు, గొంతులో వేలు ఏదీ వద్దు. కిరసనాయిలు తాగిన పిల్లల్ని ఎందుకు కక్కించరో ఇక్కడా అందుకే: పైకి వచ్చే నూనె ఊపిరితిత్తుల్లోకి జారుతుంది, అప్పుడు కడుపులో ఉన్నదానికంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చర్మం మీద పడితే సబ్బుతో, కంట్లో పడితే పావుగంట ధారగా నీళ్లతో కడగండి. 108 పిలవండి, సీసాను చేత పట్టుకుపోండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో డబ్బులు లేకుండా సలహా ఇస్తుంది. బాగానే ఉన్నాడుగా అని ఇంట్లో కూర్చోకండి. మా వాడు కూడా మొదటి పావుగంట బాగానే ఉన్నాడు.

ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచరమ్మలు మన ఊళ్లో ప్రతి బాలింత ఇంటికీ పోతారు. బిడ్డ బరువు చూస్తారు, టీకాల లెక్క చూస్తారు. దయచేసి ఒక్క ప్రశ్న కలపండి: "అమ్మా, ఇంట్లో నీలగిరి, కర్పూరం, లవంగ నూనె ఎక్కడ పెట్టావు?" ఆ ఒక్క ప్రశ్న చాలు.

మా మిద్దె గోడలో ఆ గూడు ఇంకా ఉంది. ఇప్పుడక్కడ దీపం మాత్రమే ఉంటుంది. మా అవ్వ రోజుల్లో వెన్నకుండను పిల్లికీ పిల్లలకూ అందకుండా దూలానికి ఉట్టి కట్టి వేలాడదీసేవారు. వెన్న మంచిదే, అయినా అందకుండా పెట్టారు. నీలగిరి సీసా ఇప్పుడు బీరువాలో, తాళం లోపల ఉంది. తాళంచెవి నా మొలతాడుకు ఉంది. పండక్కి వచ్చినప్పుడల్లా అక్క మనవడు ఆ జొన్నల మూట మీదికే ఎక్కుతాడు. ఎక్కనీ.